మాడిన గింజలు చెప్పే చరిత్ర

కరీంనగర్ చరిత్ర అనంగనే నాణేలు ముందుకొస్తయి. కోటిలింగాలలో సమగోపుడు, చిముకుడు; పెద్దబంకూర్‌లో వేలకొద్దీ శాతవాహన నాణేలు, వాటితోపాటు అగస్టస్, టైబీరియస్‌ల రోమన్ నాణేలు. (2016 విభజన తర్వాత ఈ ఊళ్లు జగిత్యాల, పెద్దపల్లి జిల్లాల్లోకి పోయినయి.) వి.వి. కృష్ణశాస్త్రిగారు 1970లలో తవ్వకాలు నడిపించకపోతే, తెలంగాణకు చరిత్ర లేదన్నవాళ్ల నోరు మూతపడేది కాదు. ఆ మేలు మేము కాదనం. కాని ఆ వెనుక వచ్చిన స్థానిక చరిత్ర రచన రాజు పేరు దగ్గరే కూలబడింది. ఆ ఊళ్లల్ల గింజ దంచినోళ్లు, చెరిగినోళ్లు ఏమైన్రు?

జవాబు మట్టిలనే ఉంటది. పొయ్యిల పడి మాడిన గింజ కుళ్లదు, వేల ఏండ్లు నిలుస్తది. తవ్విన మట్టిని నీళ్లల్ల కలిపితే బొగ్గయిన గింజలు పైకి తేలుతయి, సన్నజల్లెడతో దేవుకోవచ్చు. పొట్టు, కలుపు గింజలు కూడ దొరుకుతయి. పంటను ఎక్కడ నూర్చిన్రో, ఎక్కడ చెరిగిన్రో ఆ చెత్తే చెప్తది. శ్రమకు ఇంతకన్న పెద్ద శాసనం ఏముంటది?

డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు 2004లో అచ్చేసిన పరిశోధన ఈ పద్ధతి మీదనే నిలబడ్డది. కర్ణాటక, రాయలసీమల నవీన శిలాయుగపు దిబ్బల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు తొలి పంటలని చూపింది. గోధుమ, బార్లీ వాయవ్యం నుంచి వచ్చినయి. సజ్జ, చిక్కుడు ఆఫ్రికావి, క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలోనే కర్ణాటకలోని హల్లూరు చేరినయి. జొన్న పుట్టిల్లు కూడ ఆఫ్రికానే. మనది అనుకునే గటక, సముద్రం దాటొచ్చిన గింజ! సముద్రం దాటితే కులం చెడుతదన్న శాస్త్రాలు ఎవరివో చెప్పనక్కరలేదు. చిన్న పడవల మీద బతికే తీరప్రాంత జనం చేతుల మీదుగ ఇటువంటి మార్పిడి సాగిందని ఫుల్లర్, నికోల్ బోవిన్ 2009లో వాదించిన్రు.

అయితే ఈ ఫలితాలను తెలంగాణ అంతటికీ అంటగట్టుడు మాకు ఒప్పదు. టేకడవి, ప్రాణహిత ఉన్న ఆదిలాబాద్ వేరు, బళ్లారి బూడిద దిబ్బలు వేరు. ఇక్కడి ఖాళీ నింపడానికి కొందరు గోండుల ఇప్పపువ్వును చూపి 'ఆదిమ కాలం ఇట్లనే ఉండె' అంటరు. ఇది అన్యాయం. హైమెండార్ఫ్ 1940లలో చూసిన రాజగోండులు నాగలి దున్ని జొన్న పండించే రైతులు. వాళ్లు ఎవరి గతానికీ మ్యూజియం బొమ్మలు కారు.

ఉత్తర తెలంగాణలో ఉక్కు చేసిన మూసల మట్టిలో వరి ఊక కలిసి ఉంటది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాక వచ్చిన్రు. ఊక ఏ రకం వరిదో, ఎవరి రోలు కాడ నుంచి కొలిమికి చేరిందో మా విద్యార్థులు అడగాలె. ఇకమీద ఏ దిబ్బ తవ్వినా మట్టిని పారబొయ్యకుండ కడిగించాలని పురావస్తు శాఖను నిలదియ్యాలె.