ఏడు చేపల కథ – తాత్పర్యవిచారము

తెలుగునాట శిశువులు మొట్టమొదట విను కథలలో ఏడు చేపల కథ యొకటి. రాజకుమారులు వేటాడి తెచ్చిన యేడు చేపలలో నొకటి యెండదు. కారణ మడుగగా చేప గడ్డిమేటును, మేటు ఆవును, ఆవు గొల్లవానిని, గొల్లవాడు అన్నము పెట్టని తల్లిని, తల్లి యేడ్చిన బిడ్డను, బిడ్డ చీమను కారణముగా జెప్పును. చీమ మాత్రము తన పుట్టలో వ్రేలు పెట్టినవారిని గుట్టుట తనకు సహజమని చెప్పి కథను ముగించును.

ఈ కథకు వేదాంతపరమైన వ్యాఖ్యాన మొకటి ప్రచారమున నున్నది. అందు రాజకుమారులు సప్తధాతువులు, ఎండని చేప మనస్సు, గడ్డిమేటు అజ్ఞానము, ఆవు జ్ఞానము, గొల్లవాడు సద్గురువు, చీమ సంసారము. ఇది వినుటకు రమ్యమే కాని విచారమునకు నిలువదు. సంఖ్యాసామ్యమే ప్రమాణమైనచో నేడుగురు కుమారులు సప్తర్షు లేల కారాదు? సప్తస్వరము లేల కారాదు? మఱియు నన్నము దొరకమిచే కర్తవ్యమును మానినవాడు సద్గురు వెట్లగును?

అట్లని కథలో తత్త్వము లేదనరాదు. అది పేళ్లలో గాక క్రమములో నున్నది. తాత్పర్యనిర్ణయమునకు ఉపక్రమోపసంహారములును, అభ్యాసమును లింగములని మీమాంసకుల మతము. ఇచట నుపక్రమము ‘ఏల యెండలేదు’ అను ప్రశ్న. అభ్యాసము పాత్ర పాత్రకును మరల వచ్చు నా ప్రశ్నయే. ఉపసంహారము చీమ యుత్తరము. కావున నీ కథకు విషయము కారణవిచారము.

పాణిని మతమున స్వతంత్రుడే కర్త. చేప మొదలు బిడ్డ వఱకు నందఱును పరతంత్రులు. తమ స్థితికి వేఱొకరిని హేతువుగా జూపుదురు. ఇట్లు సాగినచో అనవస్థ తప్పదు. చీమ యొక్కతియే తన క్రియను తనదిగా నంగీకరించి యనవస్థను వారించుచున్నది. అయినను దాని మాట మరల బిడ్డ వ్రేలినే చూపును. వ్రేలు పెట్టిన బిడ్డ యెఱుగనివాడు. కుట్టిన చీమ స్వభావమున గుట్టినది. దోషిని వెదకబోయిన ప్రశ్నకు దోషి దొరకడు. స్వభావమును, అజ్ఞానమును మాత్రమే దొరకును. ఈ కథ చూపు లోకదృష్టి యిదియే.

అశ్మకరాజధానియగు పోతలి నేటి బోధనయే యని కొందఱు చరిత్రకారుల మతము. పాలి జాతకములలో 207వదైన అస్సకజాతకమున, మరణించిన రాణి పురుగై పుట్టగా, ఆమెకై శోకించు పోతలి రాజునకు తాపసుడు రాగము యొక్క అస్థిరత్వమును జూపును. అట నుపదేష్ట కలడు, ఉపదేశము స్ఫుటము. ఏడు చేపల కథలో నుపదేష్ట లేడు. బాలుడు నవ్వుచునే కారణమును వెదకుట నేర్చుకొనును. పాఠశాలలో సప్తధాతువుల పట్టికను వల్లె వేయించినచో పేళ్లు మిగులును, ‘ఏల’ యను ప్రశ్న పోవును. 1937లో చక్కెర కర్మాగారము వెలసిన బోధన సీమలో చెఱకు రసమేదో, పిప్పియేదో పిల్లలకును దెలియును. కథావ్యాఖ్యాతలకు నీ వివేక మావశ్యకము.