పద్యనాటకము: తొలిసారి చూడబోవువారికి

ఐరోపాఖండమున ఒపేరాకు పోవువాడు కథాసంగ్రహమును ముందుగా చదివికొని, ఏ ఘట్టమున ఎవరు ఏమి పాడుదురో తెలిసికొని మఱి నాటకశాలలో అడుగుపెట్టును. ఖమ్మము సీమయందు శ్రీరామనవమి పందిళ్లలో పద్యనాటకము చూడ కూర్చుండు పెద్దలకు అట్టి సంగ్రహముతో పనిలేదు. కథ వారికి ఉగ్గుపాలతో అబ్బినది, పద్యములు సగము కంఠస్థములు. అయినను, పద్యమును పాఠ్యపుస్తకమున తప్ప ఎఱుగని నేటి యువకులు తొలిసారి ఆ పందిటిలో కూర్చున్నప్పుడు, కథ ముందుకు సాగదేమి, ఒక్క పద్యమునకే ఇంత ఆలాపనమేమి అని విసుగు చెందుట కద్దు. వినవలసిన తీరు తెలియకపోవుటయే ఆ విసుగునకు మూలము కాని, కళయందలి లోపము కాదు.

గానముచేత కథ నడుపుట మనకు ఎరువు తెచ్చుకొన్న విద్య కాదు. ఇటలీలోని మాంటువా నగరమున 1607లో మాంటెవెర్ది రచించిన 'ఓర్ఫియో' ప్రదర్శితమగుటకు పూర్వమే, 16వ శతాబ్దియందు కందుకూరి రుద్రకవి 'సుగ్రీవవిజయము' అను యక్షగానమును వ్రాసినాడు. 17వ శతాబ్దియందు తంజావూరు నాయకరాజుల కొలువున తెలుగు యక్షగానము వెలుగొందినది. ఆ శతాబ్దియందే నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, అనగా భక్త రామదాసు, భద్రాద్రిరాముని కీర్తనలతో ఈ గోదావరీతీరమును గానమయము గావించినాడు. ఇటు అడవి అంచున కోయల డోలీ గాయకులు సమ్మక్క సారలమ్మల గాథను తరతరములుగా పాడుచున్నారు. ఆ కులవిద్యను నిలిపిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇక ఆధునిక రంగస్థలము మాట: 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము వారు ఆంధ్రదేశమునకు వచ్చి తెరలతో రంగములతో ఆడిన ప్రదర్శనములు మనవారిని మేల్కొలుపగా, బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకములు రచించి ఆడించిరి. 1885లో కడప మండలపు సురభి గ్రామమున వనారస గోవిందరావు 'కీచకవధ'తో కుటుంబ నాటకసమాజమునకు నాంది పలికెను. అటుపిమ్మట తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఊరూర పాడబడినవి.

తొలిసారి చూచువారు ఆ నాటకములలోని పడకసీను మీద దృష్టి నిలిపిన చాలును. ఈ కళయొక్క మర్మమంతయు అందు బోధపడును. తెర లేచుసరికి కృష్ణుడు శయనించియుండును. ముందుగా వచ్చిన దుర్యోధనుడు తలవైపునను, వెనుక వచ్చిన అర్జునుడు పాదములవైపునను కూర్చుందురు. కృష్ణుడు కనులు విప్పి అర్జునునే మొదట చూచును. ఇంతటి కథ మనకు తెలిసినదే. తెలియనిది, ఆ క్షణమున నటుడు పద్యము నెట్లు ఎత్తుకొనునో అదియే.

మొదట రెండు మూడు వాక్యముల వచనము. ఆ వచనపు చివరిమాట పలుకుచుండగనే హార్మోనిస్టు ఆ నటుని శ్రుతిని అందించును; నటుడు మాఱినకొలది శ్రుతియు మాఱును గనుక, ఎవరి గొంతు ఎక్కడ నిలుచునో ఆతనికి కరతలామలకమై యుండవలెను. పద్యము తాళమునకు కట్టుబడి నడువదు. తబలా ఊరకుండును, హార్మోనియము నటుని వెన్నంటి పోవును. ఉత్పలమాలకు పాదమునకు 20 అక్షరములు, పదియవ అక్షరమున యతి. ఆ యతి అక్షరముల మైత్రియే గాని ఊపిరి తీసికొనవలసిన చోటు కాదు. అల్పజ్ఞుడు యతివద్దను పాదాంతమునను ఆగి మాటను రెండుగా విఱుచును; ప్రాజ్ఞుడు ఒక పాదమునుండి మఱియొక పాదమునకు ప్రవహించు అన్వయమును పట్టుకొని, అర్థము విరమించినచోట మాత్రమే ఊపిరి తీయును. ఈ ఒక్క లక్షణముచేతనే నటుని తారతమ్యము తెలియును.

రాగము సైతము అలంకారమాత్రము కాదు. మోహనలో ఎత్తుకొన్న మాట ధీరముగను, ముఖారిలో పలికిన మాట శోకార్ద్రముగను వినిపించును గనుక, రాగమును ఎంచుకొనుటయే పాత్రను వ్యాఖ్యానించుట. ఒపేరాయందు స్వరమంతయు స్వరకర్త కాగితముపై నిర్ణయించియుంచును. పద్యనాటకమందు కవి పద్యమిచ్చి తొలగగా, ఆ రాత్రి ఆ సభకు తగినట్లు దానిని గానముగా మలచు భారము నటునిదే. పీసపాటి నరసింహమూర్తి కృష్ణపాత్రయందు, బందా కనకలింగేశ్వరరావు మొదలగువారు తమతమ పాత్రలయందు పొందిన ఖ్యాతి ఆ స్వాతంత్ర్యమునకు ఫలము. నచ్చిన పద్యమునకు జనులు "ఒన్స్‌మోర్" అని కేకవేసినప్పుడు నటుడు మఱల పాడును. ఆ రెండవ పాట మొదటిదాని నకలు కానవసరము లేదు.

ఈ స్వాతంత్ర్యము దుర్వినియోగమైనదనుటయు సత్యమే. రాగము సాగి సాగి భావమును మ్రింగివేసిన ప్రదర్శనములు లేకపోలేదు. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు సంగీతాతిశయమును అంగీకరింపక, సహజమైన అభినయమునకే పెద్దపీట వేసెను. ఆ విమర్శను మనసునందుంచుకొని విన్నవానికి మంచి పద్యము మఱింత మంచిదిగా వినబడును. అర్థమును వెలిగించు ఆలాపనమును మెచ్చవలెను. అర్థమును కప్పివేయు ఆలాపనము ఎంత మధురమైనను మెచ్చరాదు.

మధిర, సత్తుపల్లి ప్రాంతములు కృష్ణాతీరమునకు పొరుగు. భద్రాచలము గోదావరికి ముంగిలి. ఖమ్మము నగరమున భక్త రామదాసు పేరనే కళాక్షేత్రము కలదు. ఇంతటి సంపన్నమైన వారసత్వముగల సీమలో మన పిల్లలు ఒక్క పద్యమైనను రంగస్థలముమీద వినక పెరుగుట తగదు. కావున పాఠకులకు నా మనవి ఇది: ఈ మాఱు మీ చెంత పద్యనాటకమాడినప్పుడు, ఆనాటి పద్యములు నాలుగైదింటిని ఇంటనే పిల్లలచేత చదివించి, అర్థము చెప్పి, వెంటబెట్టుకొని పొండు, హార్మోనియము వినవచ్చునంత దగ్గఱగా కూర్చుండబెట్టుడు, మంగళహారతి వఱకు లేవకుడు. ఒక్క రాత్రి అట్లు విన్న పిల్లవానికి ఛందస్సును మఱి బోధింపనక్కఱలేదు.