గేటు పక్క కిటికీ

డాఫ్నె డు మారియర్ ‘రెబెకా’ (1938) గురించి మాట్లాడేటప్పుడు అందరం నేరుగా భవనంలోకి వెళ్లిపోతాం. రెబెకా పడకగది, మిసెస్ డాన్వర్స్, సముద్రం ఒడ్డున పడవల గది. నా పీహెచ్‌డీ రోజుల్లో నేనూ వాటి గురించే రాశాను. ఈమధ్య మళ్లీ చదువుతుంటే మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాను.

ఇంగ్లండు ఎస్టేట్లలో గేటు పక్కన ఒక చిన్న ఇల్లుంటుంది. దాన్ని లాడ్జి అంటారు. (మనకేమో లాడ్జి అంటే బస్టాండు పక్కన అద్దె గదులే!) పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో వీటిని చాలాచోట్ల పెద్ద భవనం పోలికలతో కట్టించారు. అదే రాయి, అదే తీరు కప్పు, దారి కనిపించేలా కిటికీలు. లోపలున్న వైభవాన్ని బాటసారికి ముందే రుచి చూపించడానికన్నమాట. ఇంటాయన తోటపనికి పోతే గేటు తీసే పని భార్యా పిల్లల మీద పడేది.

మాక్సిమ్ డి వింటర్ రెండో భార్యగా కథానాయిక మాండర్లీకి వచ్చినప్పుడు, లాడ్జి చీకటి కిటికీలోంచి కొన్ని ముఖాలు తొంగిచూస్తాయి. ఆమె కారులో ముడుచుకుపోతుంది. కొత్తకోడలి మీద పడే ఆ చూపులు మనకు తెలియనివా? కానీ నిన్నటిదాకా ఈమె ఎవరు? ఏడాదికి 90 పౌన్ల జీతానికి ఒక డబ్బున్నావిడ వెంట తిరిగిన పిల్ల. భవనంలో వాళ్లకంటే ఆ కిటికీ వెనక వాళ్లకే దగ్గర మనిషి. ఆ మాట ఆమెకు తట్టదు. రచయిత్రి తట్టనివ్వదు. ఆమెకు పేరు లేదని ఎంతో రాసుకున్నాం. ఆ ముఖాలకూ పేర్లు లేవు.

మా హాస్టల్ గేటు దగ్గరా ఒక గది ఉండేది. ఆలస్యమైతే వాచ్‌మన్ భార్య రిజిస్టరు నా ముందుకు తోసేది. ఆమెను తిట్టుకున్నాను గానీ ఆమె పేరేమిటో ఏనాడూ అడగలేదు.

నవల మొదలయ్యేది ఆ తర్వాతెప్పుడో వచ్చిన కలతో. గేటుకు గొలుసు, తాళం. పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఈసారి చువ్వల సందుల్లోంచి లాడ్జి వైపు తొంగిచూసేది ఆమె. పొయ్యి వెలగని ఇల్లు. ఆమెను తూకం వేయడానికి గానీ, పలకరించడానికి గానీ అక్కడెవరూ మిగల్లేదు. నవల మొత్తంలో నన్ను భయపెట్టే చోటు ఇదే, మిసెస్ డాన్వర్స్ కాదు.

మాండర్లీకి ముఖ్యమైన ఆధారం కార్న్‌వాల్‌లోని మెనబిల్లీ. డు మారియర్ 1943లో దాన్ని అద్దెకు తీసుకుని, సొంత డబ్బు పోసి బాగుచేయించుకుంది. కానీ అది రాష్లీ కుటుంబపు ఆస్తి. 1969లో ఖాళీ చేసి, దగ్గర్లోని కిల్మార్త్‌కు మారింది. అదీ వాళ్లదే, అద్దెకే.