నీడ ఇచ్చిన పచ్చదనం, నిప్పు ఇచ్చిన కమ్మదనం

మచ్చా లాటేలో బాదం, జీడిపప్పు, హేజెల్‌నట్ లాంటి గింజల రుచి కావాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా సిరప్ సీసా అందుకుంటారు. రెండు చెంచాలు వంపితే పని అయిపోతుంది. కానీ ఆ కమ్మదనం మచ్చాకు బయటినుంచి అరువు తేవలసింది కాదు. మంచి మచ్చా డబ్బా మూత తీసి వాసన చూడండి. ముందు పచ్చి ఆకు, దాని వెంటే సముద్రపు నాచు, వాటి వెనకాల లేతగా వేగిన పప్పుల వాసన. లాటే చేసుకునేవాళ్లు పట్టుకోవలసింది ఆ మూడోదాన్ని. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే కప్పులో దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

మచ్చా అంటే గ్రీన్ టీ ఆకును మెత్తగా విసిరిన పొడి. అలాంటి టీ పొడిని వేడినీళ్లలో చిలికి తాగడం చైనాలో సాంగ్ వంశం ఏలిన రోజుల్లో బాగా ప్రబలిన అలవాటు. హుయిజాంగ్ చక్రవర్తి స్వయంగా టీ మీద 1107లో ఒక గ్రంథం రాశాడు. జెన్ బౌద్ధ భిక్షువు ఎయిసాయ్ 1191లో చైనా నుంచి తిరిగివస్తూ టీ విత్తనాలతోపాటు ఈ పద్ధతినీ జపాన్‌కు తెచ్చాడు. ఆయన ఇచ్చిన విత్తనాలను మ్యోయె అనే మరో భిక్షువు క్యోటో కొండల్లోని కోజాన్‌జి ఆలయం దగ్గర నాటాడనీ, అక్కడినుంచి సాగు దక్షిణాన ఉన్న ఉజికి చేరిందనీ చెబుతారు. చైనాలో 1391లో మింగ్ చక్రవర్తి అచ్చు కట్టిన టీ దిమ్మలను కప్పంగా తీసుకోవడం మాన్పించాక పొడి టీ మెల్లగా మరుగున పడింది. ఆకును వేడినీళ్లలో వేసి ఊరనివ్వడం అక్కడ ఇంటింటి పద్ధతి అయింది. పొడిని జపాన్ నిలుపుకుంది. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ లాంటి గురువులు దాని చుట్టూ ఒక కళనే నిర్మించారు. నీళ్ల వేడి, గిన్నె పట్టుకునే తీరు, అతిథి ముందు కూర్చునే పద్ధతి, అన్నీ అందులో సాధనలే. మన వంటింట్లో లాటేకి అంత క్రతువు అక్కర్లేదు. ఆ సాధనలోంచి తీసుకోదగ్గ మెలకువలు మాత్రం చాలా ఉన్నాయి.

ఉజి రైతుల గొప్పతనం నీడను పనిముట్టుగా మలుచుకోవడంలో ఉంది. వసంతంలో చిగుళ్లు విచ్చాక తోట మీద పందిరి వేసి, రెల్లు తడికెలు పరిచి, వాటి మీద వరిగడ్డి చల్లుతారు. ఇప్పుడు ఎక్కువ తోటల్లో నల్లటి వలలే కప్పుతున్నారు కానీ గడ్డి పందిళ్లు పూర్తిగా పోలేదు. కోతకు ముందు దాదాపు మూడు వారాలు చిగురు ఆ మసక వెలుతురులోనే పెరుగుతుంది. టీ మొక్క తన వేళ్లలో థియనిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసి ఆకుకు పంపుతుంది. ఎండ తగిలితే అది వగరునిచ్చే కాటెచిన్ల తయారీకి ఖర్చయిపోతుంది. ఎండ అందకపోతే చాలావరకు అలాగే మిగిలి, ఉమామి అని జపనీయులు చెప్పే నిండు రుచి అవుతుంది. దొరికిన కొద్దిపాటి వెలుగును ఒడిసిపట్టడానికి ఆకు పత్రహరితాన్ని కూడా పెంచుకుంటుంది. మచ్చాలోని ఆ నిగనిగలాడే ఆకుపచ్చ అలా వచ్చిందే.

ఇక నిప్పు. కోసిన ఆకును వెంటనే కొన్ని సెకన్లపాటు ఆవిరికి పెడతారు. ఆ వేడికి ఆకును నల్లబరిచే ఎంజైములు పని మానేస్తాయి. మామూలు గ్రీన్ టీ అయితే ఆ తర్వాత ఆకును నలిపి, చుట్టి, ఆరబెడతారు. మచ్చా ఆకును మాత్రం నలపరు. ఎత్తైన వల గదుల్లో గాలితో పైకి ఎగరేసి, ఒకదానికొకటి అంటుకోకుండా విడదీసి, ఇటుకలతో కట్టిన పొడవాటి బట్టీలోకి పంపుతారు. బట్టీ అడుగున వేడి 150 డిగ్రీలు దాటుతుంది. కదిలే పట్టాల మీద ఆకు అంతస్తు తర్వాత అంతస్తు దాటుతూ ఆరిపోతుంది. ఇటుక గోడల నుంచి వచ్చే ఆ సెగకు ఆకులోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి కొత్త సువాసనలు పుడతాయి. వాటిలో పైరజీన్లు ముఖ్యమైనవి. నువ్వులు, పల్లీలు, బాదం వేగేటప్పుడు ఇల్లంతా పరుచుకునే వాసన కూడా చాలావరకు ఈ పైరజీన్లదే. మచ్చాకూ వేయించిన గింజలకూ పొత్తు కుదరడం వెనక ఈ చుట్టరికం ఉంది.

ఈనెలు, కాడలు తీసేసిన ఆ ఎండుటాకు పేరు తెంచా. దాన్ని రాతి తిరగలిలో నెమ్మదిగా విసురుతారు. ఒక తిరగలికి గంటకు సుమారు 40 గ్రాముల పొడి వస్తుంది. తొందరపడి వేగం పెంచితే రాయి వేడెక్కి, బట్టీలో సంపాదించుకున్న సువాసన కాస్తా పాడవుతుంది. అంటే మన అలమరాలోని 30 గ్రాముల డబ్బా కోసం ఒక తిరగలి ముప్పావు గంట తిరిగి ఉంటుంది. 2024 శరదృతువులో గిరాకీ తట్టుకోలేక క్యోటో ప్రాంతంలోని ఇప్పోదో, మారుక్యు కోయమాయెన్ లాంటి పాత టీ సంస్థలు ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలేనని పరిమితి పెట్టాయి. ఇంత శ్రమతో వచ్చిన పొడిని సిరప్‌లో ముంచేయడం నాకు కష్టంగా తోస్తుంది.

కొనేటప్పుడు డబ్బా మీద కనిపించే ‘సెరిమోనియల్ గ్రేడ్’ అనే మాటను నమ్ముకోకండి. జపాన్‌లో ఆ పేరుతో అధికారిక ప్రమాణమేదీ లేదు. రంగు చూడండి. పసుపు, గోధుమ ఛాయలు తిరిగితే అది నీడ చాలనిదో, పాతబడినదో. లాటే కోసం అన్నిటికన్నా ఖరీదైన సున్నితపు రకం కూడా వద్దు, దాని రుచి పాలల్లో కనిపించకుండా పోతుంది. వాసనలో కాస్త దిట్టంగా, వేగిన ఛాయ ఉన్న నడిమి రకం చాలు. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లు బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగి మూత తియ్యాలి. కోస్తా జిల్లాల ఉక్కలో చల్లటి డబ్బా తెరిస్తే లోపల చెమ్మ పట్టి పొడి గడ్డకట్టేస్తుంది.

టీలో ఈ కమ్మదనాన్ని పెంచుకోవడం జపనీయులకు కొత్తేమీ కాదు. వేయించిన బియ్యం కలిపిన గెన్‌మైచా అక్కడ రోజువారీ టీ. కొన్ని రకాల్లో పైన మచ్చా కూడా చల్లుతారు. వేయించిన సోయా గింజల పిండి కినాకో, నువ్వులు వాళ్ల మిఠాయిల్లో మచ్చాతో కలిసి కనిపిస్తూనే ఉంటాయి. అన్నీ నిప్పు తగిలిన గింజలే. పచ్చి బాదం పాలు పోస్తే లాటే తెల్లగా, మెత్తగా ఉంటుంది కానీ కమ్మదనం రాదు. గింజను వేయించాలి, అదీ లేతగా. ముదురుగా వేగిన గింజ చేదు తెచ్చి, ఆకుపచ్చ రుచినంతా మింగేస్తుంది. అందుకే పల్లీలను దీనికి ఎంచుకోను. వాటి వాసన ఎంత ఇష్టమైనా అది మరో రుచిని పక్కన నిలబడనివ్వదు.

నాకు నచ్చిన కలయిక రెండు వంతుల బాదం, ఒక వంతు జీడిపప్పు. బాదం సువాసన ఇస్తుంది, జీడిపప్పు చిక్కదనం ఇస్తుంది. 40 గ్రాముల బాదాన్ని వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పొట్టు తీసెయ్యాలి. పొట్టుతో రుబ్బితే వగరు వస్తుంది, రంగూ మసకబారుతుంది. గుడ్డ మీద తడి ఆరనిచ్చి, మందపాటి మూకుడులో సన్నసెగ మీద కలుపుతూ వేయించండి. మీగడ రంగు లేత బంగారు ఛాయకు తిరిగి, వాసన రావడం మొదలవగానే దించెయ్యాలి. మూకుడు వేడికే అవి ఇంకాస్త వేగుతాయి కాబట్టి వెంటనే పళ్లెంలోకి మార్చండి. 20 గ్రాముల జీడిపప్పును వేయించకుండా రెండు గంటలు నానబెడితే చాలు. పలాస జీడిపప్పు దొరికే మనకు దీనికోసం వెతుక్కోవలసిన పనిలేదు. ముక్కలైనా పర్వాలేదు, ఎలాగూ రుబ్బేవే. రెండిటినీ చిటికెడు ఉప్పుతో, 400 మిల్లీలీటర్ల నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి నూలుగుడ్డలో వడకట్టి పిండితే రెండు లాటేలకు సరిపడా పాలు వస్తాయి. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలవుంటాయి. అడుగున పేరుకుంటే కలుపుకోవడమే.

ఇప్పుడు మచ్చా. టీ వేడుకల్లో దీన్ని రెండు రకాలుగా చేస్తారు. ఉసుచా పల్చన, నురగతో చిలికేది. కొయిచా చిక్కన, ఎక్కువ పొడిలో కొద్ది నీళ్లు పోసి నురగ రాకుండా నిదానంగా మెదిపేది. లాటేకి చాలామంది ఉసుచాను అనుకరిస్తారు. మొదట కొయిచాలాగా మెదపడమే మేలని నా అభిప్రాయం. పాలు పోశాక ఎటూ పల్చబడుతుంది. ముందే చిక్కటి ముద్ద అయితే ఉండలు మిగలవు, వాసన కూడా గట్టిగా నిలుస్తుంది. 3 గ్రాముల పొడిని సన్నటి జల్లెడలో జల్లించండి. ఈ పని వదిలేస్తే తర్వాత ఎంత చిలికినా ఉండలు విడవవు. నీళ్లు 75, 80 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లను ఒక గిన్నెలోంచి మరో చల్లటి గిన్నెలోకి రెండుసార్లు మార్చండి, ఒక్కో మార్పుకు దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. మరిగే నీళ్లు పోస్తే చేదు ముందుకొస్తుంది, వాసన ఎగిరిపోతుంది. బోరు నీళ్లలోని సున్నం టీ రుచిని మందగింపజేస్తుంది కాబట్టి ఫిల్టర్ నీళ్లే వాడాలి.

మచ్చా చిలికే వెదురు కుంచె చాసెన్ ఉంటే ముందు దాని పుల్లలను గోరువెచ్చటి నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. పొడిగా ఉన్నప్పుడు అవి విరుగుతాయి. నారా దగ్గర తకయామా పల్లె పనివాళ్లు ఒకే వెదురు కణుపును పదుల పుల్లలుగా చీల్చి వీటిని తయారుచేస్తారు. ఆ ఊళ్లో ఈ వృత్తికి 500 ఏళ్ల చరిత్ర ఉంది. జల్లించిన పొడి మీద 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, గిన్నె అంచుల వెంట నెమ్మదిగా మెదుపుతూ నిగారింపు వచ్చే ముద్ద చెయ్యండి. తర్వాత ఇంకో 40 మిల్లీలీటర్లు పోసి చిలకాలి. మజ్జిగ చిలికే కవ్వంలాగా గుండ్రంగా తిప్పితే నురగ రాదు. మణికట్టును వదులుగా ఉంచి ముందుకీ వెనక్కీ వేగంగా ఆడించాలి, పుల్లల కొనలు గిన్నె అడుగును గట్టిగా రాయకూడదు. చాసెన్ లేకపోతే చిన్న బ్యాటరీ ఫ్రాదర్ పనిచేస్తుంది. బుడగలు కాస్త పెద్దవిగా వస్తాయి, అంతే.

పాలను 60 డిగ్రీల దగ్గర, అంచుల వెంట ఆవిరి మొదలవగానే ఆపెయ్యండి. టీపొడి, పాలు కలిపి పొంగించడం మన టీకి బలం. గింజల పాలు అలా మరిగితే విరిగినట్టుగా విడిపోతాయి. ఇంకొక సంగతి ఉంది. ఆవు, గేదె పాలల్లోని కేసిన్ కాటెచిన్లను పట్టుకుని వగరును తగ్గిస్తుంది. గింజల పాలల్లో కేసిన్ లేదు. అందుకని నాసిరకం మచ్చా ఇక్కడ వెంటనే బయటపడుతుంది. వగరు మరీ ఇబ్బంది పెడితే సగం పాలు మామూలువి పోసుకోవచ్చు. 180 మిల్లీలీటర్ల పాలను మచ్చా మీద సన్నటి ధారగా పోసి, చివర నురగ జార్చాలి. పైన అరచెంచా కినాకో చల్లితే మొదటి గుక్కకే కమ్మదనం తగులుతుంది. సోయా గింజలను వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడిచేసి జల్లిస్తే ఇంట్లోనే కినాకో తయారు.

టీ వేడుకలో తీపి ముందు తింటారు, టీలో చక్కెర వెయ్యరు. నోట్లో మిగిలిన తీపి మీద టీ దిగుతుంది. లాటేకీ ఈ పద్ధతి బాగుంటుంది. ఒక ఖర్జూరం తిని తాగి చూడండి. తప్పనిసరి అయితే ఒక చెంచా తేనెను ముద్దలోనే కలపండి. నల్లబెల్లం మాత్రం వద్దు, దాని సొంత వాసనా రంగూ అన్నిటినీ కప్పేస్తాయి. 3 గ్రాముల మచ్చాలో దాదాపు 90 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది కాబట్టి ఇది పొద్దుటి పానీయమే కానీ రాత్రిది కాదు. భోజనంతోపాటు తాగితే అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లు ఓ గంట ఎడం పాటించాలి.

ఎండాకాలంలో చల్లగా కావాలంటే ముద్దనూ చిలకడాన్నీ వేడినీళ్లతోనే చెయ్యాలి. చల్లటి నీళ్లలో పొడి అంత బాగా కలవదు. గ్లాసు నిండా ఐసు వేసి, ముందు చల్లటి గింజల పాలు, ఆపైన మచ్చా పొయ్యండి. పచ్చదనం తెల్లటి పాలలోకి చారలుగా దిగుతుంది. తాగే ముందు అడుగుదాకా కలపండి. మచ్చా నీళ్లలో కరిగేది కాదు, తేలే ఆకు పొడి. కలపకపోతే రుచంతా అడుగునే మిగిలిపోతుంది.