మోటుపల్లి అభయశాసనం

సర్కారు ఒక ఉత్తర్వు జారీ చేస్తే, అందులో ఏమిచ్చారో తెలియడానికి ఇంకో వివరణ ఉత్తర్వు వచ్చేదాకా ఆగడం మనకు అలవాటైపోయింది. అలాంటి మనం కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనాన్ని ఒకసారి నిదానంగా చూడాలి. చినగంజాం దగ్గర, సముద్రతీరాన ఉన్న మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో రాతిస్తంభం మీద ఉందది. శక సంవత్సరం 1166, అంటే 1244-45 నాటిది.

ముందు వంశప్రశస్తి, సంస్కృతంలో. ఏ శాసనంలోనైనా ఉండేదే కాబట్టి దాటేద్దాం. అసలు పనితనం ఆ తర్వాత కనిపిస్తుంది.

అభయం ఎవరికో మొదటే తేల్చేశాడు: ద్వీపాంతరాలకు, దేశాంతరాలకు పోయివచ్చే ఓడ వర్తకులకు. అది ఎందుకు అవసరమైందో వెంటనే చెప్పాడు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. రాజులు చేసిన దౌర్జన్యాన్ని ఇంకో రాజు రాతిమీద చెక్కించడం చిన్న విషయం కాదు.

తరువాతి వాక్యం ఇంకా గట్టిది. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించినవాళ్లకు, నిర్ణయించిన సుంకం పోను మిగిలిందంతా వదిలేస్తున్నాం అన్నాడు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం. కీర్తి మాట దాచలేదు చూడండి. ఒట్టి దయ అని ఊరుకుంటే ఆరితేరిన వర్తకుడు నమ్మేవాడా? బేరం తెలిసిన మనిషి రాయించిన మాట అది.

ఇక సుంకం. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. అక్కడితో ఆపితే రేవులో అధికారి ఇష్టారాజ్యమే. అందుకే సరుకుల పట్టీ కూడా ఇచ్చాడు. మంచిగంధానికి తూకం లెక్క. కర్పూరానికి, చీనాకర్పూరానికి, ముత్యాలకు విలువ లెక్క. పన్నీరు, దంతం, జవ్వాజి, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు కూడా పట్టీలో ఉన్నాయి. ఏ సరుకుకు ఎంతో రాతిమీదే ఉంటే అడ్డదిడ్డంగా వసూలు చేయడానికి చోటేది?

కాకతీయ రాజ్యం 1323లో కూలింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాడు.