కాపురానికి గడి లేదు

టిక్కెట్ మిషన్లు రాకముందు ఆర్టీసీ కండక్టర్ చేతిలో టిక్కెట్ల ట్రేతో పాటు ఎస్సార్ అని ఒక కాగితం ఉండేది. ప్రతి స్టేజీలోనూ ఏ ధర టిక్కెట్టు ఏ నంబరు దాకా తెగిందో అందులో ఎక్కించాలి. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టర్‌గా చేసిన మా నాయిన ఈ ఎస్సార్ గురించి ఇంట్లో ఎంత చెప్పేవాడంటే, మా అమ్మకు కూడా అది కంఠతా వచ్చు. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద జనం ఫుట్‌బోర్డుకు వేలాడుతున్నా, మలక్‌పేట గంజ్ దగ్గర ఉల్లిగడ్డ బస్తాల లారీ దారికి అడ్డంగా నిలబడ్డా, స్టేజీ వచ్చిందంటే నంబర్లు పడాల్సిందే. "తర్వాత రాద్దామనుకున్న రోజే చెకింగోళ్ళు ఎక్కుతరు" అనేవాడు.

ఆ మాట నాకు న్యూజెర్సీలో అక్కరకొచ్చింది.

2016 మాఘమాసంలో నా పెళ్ళయింది. మా ఆయన మూడు వారాల సెలవు మీద వచ్చి, తాళి కట్టి, తిరిగి వెళ్ళిపోయాడు. హెచ్4 వీసా వచ్చేదాకా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ ఉన్నాను. నెలకు 28 వేలు. జులై జీతం తీసుకుని, ఆగస్టు 24న విమానం ఎక్కాను. ఇంతకన్నా తేలికైన లెక్క ఏముంటుంది?

మరుసటి ఏడు ఏప్రిల్‌లో తెలిసింది. అమెరికాలో పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబరు వరకు. వలస వెళ్ళినవాళ్ళు అక్కడ రెసిడెంట్లా కాదా అన్నది రోజులు లెక్కబెట్టి తేలుస్తారు. ఆ ఏడు నేను అక్కడున్నది 130 రోజులు. వాళ్ళకు కావలసింది 183. అంటే భర్తతో ఒకే ఇంట్లో ఉంటూ కూడా నేను నాన్ రెసిడెంటును. అయితే ఒక వెసులుబాటు ఉంది. భార్యాభర్తలిద్దరూ సంతకం చేసిన కాగితం జతచేస్తే నన్ను ఆ ఏడాదంతా రెసిడెంటుగానే పరిగణించి, ఇద్దరికీ కలిపి ఒకే రిటర్ను తీసుకుంటారు. విడిగా వేస్తే ఆ ఏడు మా ఆయనకు దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 6,300 డాలర్లు, కలిపి వేస్తే 12,600. ఎవరు కాదంటారు?

దానికి ఇవ్వాల్సిన మూల్యం చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాదంతా రెసిడెంటునైతే ఏడాదంతా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి. అంటే నేను ఆ దేశం ముఖం చూడకముందు, అసలు మా ఆయన ముఖం కూడా సరిగ్గా చూడకముందు, జనవరిలో ఇంటర్ పిల్లలకు త్రికోణమితి చెప్పి తెచ్చుకున్న 28 వేలు కూడా. జనవరి నుంచి మార్చి దాకా జీతం ఒక ఫారం 16లో ఉంది. ఏప్రిల్ నుంచి జులై దాకాది ఇంకో ఫారం 16లో. రెండింటినీ కోసి అతికిస్తే 1,96,000 రూపాయలు. డాలరు అప్పట్లో 67 రూపాయల దగ్గర ఉండేది కాబట్టి మూడు వేల డాలర్లకు కొంచెం తక్కువ. ఆ అంకె రిటర్నులో ఎక్కించినప్పుడు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది. ఆ కాగితం మీద నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఉద్యోగం చేసే హక్కు లేని వీసా కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. రిటర్నుతో పాటే డబ్ల్యూ-7 అనే దరఖాస్తు పెట్టుకుంటే ఐటిన్ అని తొమ్మిది అంకెల నంబరు ఇస్తారు. దానికోసం ఒరిజినల్ పాస్‌పోర్టు టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు పోస్టులో పంపాలి, లేదా చూసి ధ్రువీకరించే అధికారమున్న ఏజెంటు దగ్గరికి వెళ్ళాలి. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల చేతిలో ఉన్న ఒకే ఒక గుర్తింపును పోస్టు డబ్బాలో వేయమంటే ప్రాణం ఒప్పలేదు, ఏజెంటుకు డబ్బు కట్టాం. 9తో మొదలయ్యే ఆ నంబరు వచ్చింది. పన్ను కట్టడానికి పనికొస్తుంది, పని చేయడానికి పనికిరాదు.

అప్పుడే ఒక పొడుగు పుస్తకం కొన్నాను. ఎడమ పేజీ జనవరి నుంచి డిసెంబరు, కుడి పేజీ ఏప్రిల్ నుంచి మార్చి. వచ్చిన ప్రతి రూపాయీ రెండు పేజీల్లోనూ పడుతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే చిక్కు. ఎడమ వైపు అవి కొత్త ఏడాది, కుడి వైపు పాత ఏడాది. అత్తగారింట్లో పెద్ద కోడలు, పుట్టింట్లో చిన్న కూతురు అన్నట్టు ఆ మూడు నెలలకు రెండు వరసలు. నా కన్నా వెనక పెళ్ళయి వచ్చిన చెల్లెళ్ళు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలక్కా అని అడుగుతారు. పుస్తకం కొనండని చెబితే నవ్వుతారు. నేను సీఏను కాను, కానీ రెండు ఏడాదుల మధ్య పడిపోయిన నెలలను ఏ సాఫ్ట్‌వేరూ అడగలేదని మాత్రం చెప్పగలను.

2017 జులైలో బోనాలకు మలక్‌పేట వచ్చాను. మెట్రో పిల్లర్లు లేచాయి, రైలు ఇంకా రాలేదు. సలీంనగర్‌లో నాయినకు తెలిసిన పన్నుల సార్ ఒకాయన ఉన్నారు. వెళ్ళి కూర్చున్నాం. ఆయన నా పాస్‌పోర్టులో శంషాబాద్ ముద్ర ఉన్న పేజీ తీసి, గోడ క్యాలెండర్ వైపు చూస్తూ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టారు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టులో 24. వెళ్ళిన రోజును కలుపుకుని 146.

"182 దాటలేదు కాబట్టి నాన్ రెసిడెంటునే కదా సార్" అన్నాను. మా ఆయన కూడా కొన్నేళ్ళ కింద ఆగస్టులోనే విమానమెక్కాడు, ఆ ఏడు ఆయన నాన్ రెసిడెంటే.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ ఆయన ఉద్యోగానికి పోయిండు. నువ్వు కాపురానికి పోయినవ్. చట్టంల ఉద్యోగం ఉన్నది, కాపురం లేదమ్మా."

విషయం ఇదీ. 182 రోజులు దేశంలో ఉంటే రెసిడెంటు. అది కాకపోయినా, ఆ ఏడు 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఉన్నా రెసిడెంటే. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరులకు మాత్రం ఆ 60ని 182గా చదువుకోమని 1961 నాటి చట్టం ఒక వివరణ ఇచ్చింది. ఓడల్లో పనిచేసేవాళ్ళకూ ఇచ్చింది. మెట్టినింటికి వెళ్ళేవాళ్ళు దాన్ని రాసినవాళ్ళకు తట్టలేదు. 2026 ఏప్రిల్ నుంచి వర్తించే 2025 నాటి కొత్త చట్టం ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అనే జంట గందరగోళాన్ని తీసేసి ట్యాక్స్ ఇయర్ అన్నది, సంతోషం. రోజుల లెక్క మాత్రం అట్లాగే ఉంచింది.

ఆడపిల్ల ఎప్పటికైనా 'ఆడ' పిల్లే, ఈడ పిల్ల కాదని మా ఇళ్ళల్లో ఒక మాట ఉంది. అప్పగింతలప్పుడు మా మేనత్త ఆ మాటే అని ఏడ్చింది. ఆదాయపు పన్ను శాఖ లెక్కలో మటుకు అప్పగింతలై ఆర్నెల్లు దాటి, సముద్రాలు దాటి వెళ్ళినా, మార్చి 31 దాకా నేను ఈడ పిల్లనే. విచిత్రమేమిటంటే ఇదే దేశపు ఇంకో చట్టం, విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా, రోజుల లెక్కతోనే సరిపెట్టుకోదు, ఉద్దేశం కూడా చూస్తుంది. ఎన్నాళ్ళో తెలియకుండా ఉండిపోవడానికి వెళ్తున్నానంటే, విమానమెక్కిన నాటి నుంచే నేను దానికి నాన్ రెసిడెంటును. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నారైలకుండే ఎన్నార్వో ఖాతాగా మార్చుకోవాల్సింది అప్పుడే. వెళ్ళేముందు బ్యాంకులో అడిగితే "ఏడాది గడవనీయండి మేడమ్, అప్పుడు చూద్దాం" అని పంపించారు. ఆ తప్పు సరిదిద్దుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

సరే, రెసిడెంటునైతే వచ్చిన నష్టమేంటి? ఏప్రిల్ నుంచి జులై దాకా జీతం 1,12,000. అప్పటి రెండున్నర లక్షల పరిమితి లోపు, రిటర్నే అక్కర్లేదు. మేం లేవబోతుంటే సార్ మామూలుగా అడిగినట్టు అడిగారు. "ఆడ బ్యాంకుల ఏమన్న నీ పేరున్నదా?"

ఉంది. నేను వెళ్ళిన మొదటి వారమే మా ఆయన తన ఖాతాలో నా పేరు చేర్చాడు. కొత్త ఊళ్ళో ధైర్యంగా ఉంటుందని. మళ్ళీ కూర్చున్నాం. రెసిడెంటుకు విదేశంలో ఖాతా ఉంటే ఆదాయం పరిమితి లోపున్నా రిటర్ను వేయాలి, విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. 2015 నాటి నల్లధనం చట్టం ప్రకారం దాస్తే పది లక్షల జరిమానా. అప్పట్లో ఐదు లక్షల లోపున్న బ్యాంకు నిల్వలకు ఆ జరిమానా లేదని సార్ చెప్పాకే నాయిన మంచినీళ్ళు తాగాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. రెండో ఏడు నేను అమెరికాకు పక్కా రెసిడెంటునయ్యాను, ఎఫ్‌బార్ మెడకు చుట్టుకుంది. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ప్రతి ఖాతా వివరం అమెరికా ఖజానా శాఖకు చెప్పాలి. అప్పటి మారకంలో ఆరున్నర లక్షల రూపాయల లోపే. డబ్బు నాదా కాదా అని అడగరు, పేరుంటే చాలు. నాయినకు ఫోన్ చేశాను.

"నా పేరు ఎక్కడెక్కడ ఉంది నాయినా?"

బీరువా తెరిచి చదువుతూ పోయాడు. అమ్మా నేనూ కలిసి ఉన్న సేవింగ్స్ ఖాతా. తను రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఎనిమిది లక్షల ఎఫ్‌డీ, తనూ నేనూ, ఐదర్ ఆర్ సర్వైవర్. "రేషన్ కార్డుల గూడ ఉన్నది బిడ్డా, అది గూడ రాస్తవా?"

ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ, ఇద్దరూ ప్రేమతోనే నా పేరు చేర్చారు. ఆ రెండు పేర్లే రెండు ప్రభుత్వాలకు జవాబు చెప్పేలా చేశాయి. అమాయకంగా మరిచిపోయినా ఎఫ్‌బార్ జరిమానా పది వేల డాలర్ల దాకా అని చట్టంలో ఉంది, ధరలతో పాటు అదీ పెరుగుతూ వచ్చింది. ఖాతాకింత చొప్పున వేస్తారా, ఏడాది రిపోర్టుకింత చొప్పునా అన్నది చాలాకాలం తేలలేదు. రొమేనియాలో పుట్టిన బిట్నర్ అనే వ్యాపారి మీద 272 ఖాతాలకు 27 లక్షల 20 వేల డాలర్లు వేస్తే, 2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో రిపోర్టుకే జరిమానా అని తేల్చింది. ఐదేళ్ళకు యాభై వేల డాలర్లు. ఆ వార్త చదివిన రాత్రి నేనూ మా ఆయనా స్వీటు చేసుకుని తిన్నాం, మా మీద ఏ కేసూ లేకపోయినా.

బంగారం చూపించాలా అక్కా అని అడగని పెళ్ళికూతురు లేదు. అక్కర్లేదు. మలక్‌పేట లాకర్‌లో పడుకున్న కాసులపేరు ఎఫ్‌బార్‌కు పట్టదు. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలకు రెండు వేలు కట్టిన మ్యూచువల్ ఫండ్ సిప్ మాత్రం అక్కడి చట్టం దృష్టిలో పెద్ద నేరస్థుడి టైపు. దానికో విడి ఫారం, ఆ ఫారం నింపినందుకు ఇచ్చిన ఫీజు దాని మీద వచ్చిన లాభాన్ని మింగేసింది. విదేశీ సంపాదన దాచుకునే ఎన్నార్‌ఈ ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదని సంబరపడతారు, అక్కడ ఉంది. ఎన్నార్వో వడ్డీకి ఇక్కడ సెస్సుతో కలిపి 31.2 శాతం ముందే కోస్తారు. అది వెనక్కి రావాలనే నేను ఇప్పటికీ ఇక్కడ రిటర్ను వేస్తున్నాను.

ఎఫ్‌డీలోంచి నా పేరు తీయించమని సార్ సలహా ఇచ్చారు. నామినీగా ఉంటే ఖాతాదారు కాదు, ఎఫ్‌బార్ గొడవ ఉండదు. నాయినకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"నామినీ అంటే నేను పోయినంక. జాయింట్ అంటే నేను ఉండంగ" అన్నాడు.

మళ్ళీ ఎత్తలేదు. ఏటా నింపుతున్నాను. జాయింట్ ఖాతాదారు పేరు అనే గడిలో నాయిన పేరు రాస్తాను. ఎన్నడూ వీసా అడగని మనిషి పేరు వాషింగ్టన్‌కు వెళ్తుందని తెలిసి డిపో మిత్రులందరికీ చెప్పుకున్నాడు.

ఇండియా రిటర్ను ఈ జులైలో వేశాను. నా పాత సిమ్ పోయినప్పటి నుంచి ఆధార్‌కు నాయిన నంబరే ఉంది. ఓటీపీ ఆయనకు వస్తుంది. నాకు మధ్యాహ్నం, మలక్‌పేటలో రాత్రి పదిన్నర. స్టేజీల పేర్లు కేకేసినట్టు ఒక్కో అంకె గట్టిగా చదివాడు. వెనక నుంచి అమ్మ, వాడకట్టు లేస్తుంది మెల్లగా అంటోంది. ఆరో అంకె కొట్టాను, అయిపోయింది.

"ఈడిది అయింది. మరి ఆడిది?"

"ఎఫ్‌బార్ ఒక్కటి ఉంది నాయినా. అక్టోబరు దాకా టైముంది."

"తర్వాత రాద్దామనుకున్న రోజే..."

"నువ్వు ఎఫ్‌డీ కాగితం ఫొటో పంపలే గదా."

అవతల నుంచి మాట రాలేదు. బీరువా తలుపు కిర్రుమంది.