సందర్భం, నేపథ్యం, నిదానం

బౌద్ధ పురావస్తువులను గూర్చిన తెలుగు వ్యాసాలలో ‘కాంటెక్స్ట్’ అనే ఇంగ్లీషు నామవాచకానికి నేపథ్యమనీ సందర్భమనీ రెండు మాటలు భేదం లేకుండా వాడుతున్నారు. ఇది పొరపాటు. నేపథ్యం నాటకశాలలో తెర వెనుక వేషం కట్టుకునే చోటు. పాత్ర రంగం మీదికి వచ్చిన పిదప ప్రేక్షకునికి దానితో పని లేదు. కాంటెక్స్ట్ అటువంటిది కాదు. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం కలిపి నేయడం. సంస్కృత ‘సందర్భ’ శబ్దానికీ కూర్చుట, అల్లుట అనే అర్థాలే. సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న తెలంగాణ పద్మశాలీలకు ఇది వివరించనక్కరలేదు: పడుగు నుండి పేకను లాగివేస్తే మిగిలేది దారమే, వస్త్రం కాదు.

గుజరాత్‌లో శామలాజీ సమీపాన దేవ్నీ మోరి స్తూపాన్ని 1960ల తొలి సంవత్సరాలలో బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం తవ్వింది. పిదప మేష్వో జలాశయం ఆ స్థలాన్ని ముంచింది. ధాతుకరండం వడోదరలో భద్రంగా ఉంది, దాని శాసనం చదువుకోవచ్చు. కాని అది స్తూపగర్భంలో ఏ ఎత్తున, వేటి నడుమ ఉండినదో ఇక తవ్వకపు నివేదికయే చెప్పాలి. 1954–60 నడుమ తవ్విన నాగార్జునకొండ గతీ అదే. అనుపులో తిరిగి కట్టిన కట్టడాలు ఆకారాన్ని చూపగలవు, మట్టిపొరలను చూపలేవు. ఇట్టి చోట ‘చారిత్రక నేపథ్యం’ అని శీర్షిక పెట్టి ఇక్ష్వాకు రాజుల వరుస చెప్పి ముగించే వ్యాసకర్త వస్తువును గూర్చి ఏమీ చెప్పనట్లే. దొరికిన చోటు, పొర, తోడి వస్తువులు అని విడివిడిగా రాస్తే చాలు. ఒక్క మాటలో ఇమడకపోతే నష్టమేమీ లేదు.

సూత్రాల విషయం ఇంతకంటె సున్నితమైనది. బుద్ధవచనం ‘నాటి సందర్భానికి’ చెప్పినది గనుక నాటికే చెల్లుతుందనే వాదం ఇప్పుడు తరచు వినిపిస్తున్నది. అట్ఠకథలు దీనిని సమర్థించవు. బుద్ధఘోషుడు సూత్రాల ఉత్పత్తిని నాలుగు విధాలుగా చెప్పాడు: బుద్ధుడు స్వాభిప్రాయంతో చెప్పినవి, వినేవారి చిత్తవృత్తిని ఎరిగి చెప్పినవి, అడిగితే చెప్పినవి, ఒక సంఘటన వల్ల పుట్టినవి. ఈ చివరిదానినే అట్ఠుప్పత్తి అన్నారు. మనవారు సందర్భమనేది ఈ ఒక్కదానినే. దానిని నాలుగింటికీ అంటగడుతున్నారు. స్థలాన్నీ శ్రోతలనూ తెలిపే సూత్రారంభానికి ‘నిదానం’ అనే పాత పేరు ఉండనే ఉంది. తెలుగులో ఆ మాటకు నెమ్మది అనే అర్థం స్థిరపడడం వల్ల కాబోలు, వాడడానికి మనవారు జంకుతున్నారు.